బోయింక్‌లో టాస్కులు రావట్లేదా, మరీ ఎక్కువ వస్తున్నాయా? డౌన్‌లోడ్ పరిమితులు సర్దుకునే పద్ధతి

మెషీన్ ఖాళీగా ఉంది. ఫ్యాన్ చప్పుడు కూడా లేదు. బోయింక్ మేనేజర్ తెరిచి అప్‌డేట్ నొక్కితే లాగ్‌లో "గాట్ జీరో న్యూ టాస్క్స్" అని ఒక లైను పడి ఊరుకుంటుంది. మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ అదే లైను. ఇంకొకరి ఇంట్లో పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. పొద్దున లేచి చూస్తే మూడొందల టాస్కులు వచ్చి పడి ఉంటాయి. గడువు చూస్తే ఈ గురువారమే.

రెండిటికీ మందు ఒకచోటే ఉంది. టాస్కుల డౌన్‌లోడ్ మీద పరిమితి ఒకటి కాదు, నాలుగైదు ఉంటాయి. కొన్ని మీరు పెట్టుకున్నవి, కొన్ని ప్రాజెక్టు సర్వర్ పెట్టినవి, కొన్ని మీ మెషీన్ గత ప్రవర్తన చూసి పడినవి. ఏది అడ్డుపడుతోందో తెలుసుకోకుండా కనిపించిన ప్రతి అంకెనూ మార్చేయడమే చాలామంది చేసే పొరపాటు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

కొత్తవారికి రెండు మాటలు. బోయింక్ అనేది కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్లీ క్యాంపస్‌లో 2002 నుంచి తయారైన సాఫ్ట్‌వేర్. మన ఇళ్ళలో ఊరికే ఉండే కంప్యూటర్ సమయాన్ని పరిశోధకుల లెక్కలకు ఇవ్వడానికి పనికొస్తుంది. ప్రాజెక్టు సర్వర్ పెద్ద లెక్కను చిన్న ముక్కలుగా చేసి పంపుతుంది. ఆ ముక్కే టాస్కు. మన మెషీన్ దాన్ని పూర్తిచేసి గడువులోపు తిప్పి పంపాలి. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్, రోసెట్టా ఎట్ హోమ్, వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్, సెర్న్ వారి ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ అన్నీ దీని మీదే నడుస్తాయి. కింద మెనూల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

మొదటి మెట్టు: ఏదీ ముట్టుకోకుండా లాగ్ చదవండి

బోయింక్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి అడ్వాన్స్‌డ్ వ్యూ పెట్టుకోండి. సింపుల్ వ్యూలో ఈ పనులేవీ కుదరవు. తర్వాత టూల్స్ మెనూలో ఈవెంట్ లాగ్ తెరవండి. ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో మీ ప్రాజెక్టును ఎంచుకుని అప్‌డేట్ ఒక్కసారి నొక్కి, లాగ్‌లో కొత్తగా పడిన నాలుగైదు లైన్లు నిదానంగా చదవండి.

ముందు చూడాల్సింది: మీ క్లయింట్, అంటే మీ మెషీన్‌లో నడిచే బోయింక్ ప్రోగ్రామ్, అసలు టాస్కులు అడిగిందా, లేదా? "రిక్వెస్టింగ్ న్యూ టాస్క్స్" అని ఉంటే అడిగింది, సర్వర్ ఇవ్వలేదు. "నాట్ రిక్వెస్టింగ్ టాస్క్స్" అని ఉంటే మీ వైపు నుంచే అడగలేదు. సగం చిక్కు ఈ ఒక్క తేడాతో విడిపోతుంది. క్లయింట్ అడగనే లేదంటే సర్వర్‌ను తిట్టుకుని లాభం లేదు.

అడగకపోతే ఎందుకో కూడా అదే లైనులో ఉంటుంది. "డోంట్ నీడ్, జాబ్ కాష్ ఫుల్" అంటే మీరు పెట్టుకున్న నిల్వ నిండింది. "నో న్యూ టాస్క్స్ రిక్వెస్టెడ్ వయా మేనేజర్" అంటే ఎప్పుడో మీరే ఆ బటన్ నొక్కి మర్చిపోయారు. "టూ మెనీ అప్‌లోడ్స్ ఇన్ ప్రోగ్రెస్" అంటే పూర్తయిన ఫలితాలు పైకి వెళ్ళకుండా పేరుకుపోయాయి, అవి కదిలేదాకా కొత్తవి అడగదు. చివరిది కనిపిస్తే ట్రాన్స్‌ఫర్స్ ట్యాబ్ చూడండి. చాలాసార్లు ప్రాజెక్టు వారి అప్‌లోడ్ సర్వరే ఆగిపోయి ఉంటుంది. అప్పుడు మీరు చేయగలిగింది టీ తాగడమే.

అడిగినా ఇవ్వకపోతే సర్వర్ కారణం చెబుతుంది. "ప్రాజెక్ట్ హ్యాజ్ నో టాస్క్స్ అవైలబుల్" అంటే వాళ్ళ దగ్గరే పని లేదు. "లాస్ట్ రిక్వెస్ట్ టూ రీసెంట్" అంటే మీరు తొందరపడి అప్‌డేట్ మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. రెండు అభ్యర్థనల మధ్య ఇంత సమయం ఉండాలని సర్వర్ పెట్టుకుంటుంది, అది దాటకముందే అడిగితే ఇవ్వదు. ఇక "రీచ్డ్ ఎ లిమిట్ ఆన్ టాస్క్స్ ఇన్ ప్రోగ్రెస్", "ఫినిష్డ్ ఎ డైలీ కోటా" అనే రెండూ అసలైన పరిమితులు. వాటి గురించి కింద విడిగా చెబుతాను.

డిస్కు చాలక కూడా ఆగొచ్చు. ప్రాజెక్టు పేరు వేసి, ఇంకా ఇన్ని ఎంబీల డిస్కు కావాలని లాగ్‌లో రాస్తుంది. కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో డిస్క్ భాగానికి వెళ్ళి పరిమితి పెంచితే సరిపోతుంది. అక్కడ మూడు షరతులు ఉంటాయి: ఇన్ని జీబీలకు మించకూడదు, ఇంత ఖాళీ మిగలాలి, మొత్తంలో ఇంత శాతం దాటకూడదు. మూడింటిలో ఏది తక్కువ చోటు ఇస్తే అదే అమలవుతుంది. ఒకదాన్ని పెంచి మిగతా రెండూ వదిలేసి "పెంచినా రావట్లేదు" అనుకునేవారు చాలామంది.

కారణం అప్పటికీ దొరకకపోతే ఆప్షన్స్ మెనూలో ఈవెంట్ లాగ్ ఆప్షన్స్ తెరిచి వర్క్ ఫెచ్ డీబగ్ పక్కన టిక్కు పెట్టండి. క్లయింట్ ప్రతి నిర్ణయం వెనక లెక్కంతా లాగ్‌లో కుమ్మరిస్తుంది. పని అయ్యాక ఆ టిక్కు తీసేయండి, లేకపోతే లాగ్ చదవడానికి వీలుండదు.

రెండో మెట్టు: మీ నిల్వ అంకెలు

ఆప్షన్స్, దానిలో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్, దానిలో కంప్యూటింగ్ ట్యాబ్ చివర రెండు గడులుంటాయి. "స్టోర్ అట్ లీస్ట్" ఇన్ని రోజుల పని, "స్టోర్ అప్ టు యాన్ అడిషనల్" ఇన్ని రోజుల పని. మామూలుగా మొదటిది 0.1, రెండోది 0.5 ఉంటాయి. ఈ అంకెలు టాస్కుల సంఖ్య కాదు, రోజులు. బోయింక్‌లో "నాకు ఇరవై టాస్కులే కావాలి" అని నేరుగా చెప్పే గడి క్లయింట్‌లో లేదు. రోజుల నుంచి టాస్కుల సంఖ్య ఎలా వస్తుందో తెలిస్తేనే ఇది చేతికి వస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. మీ మెషీన్‌లో 6 కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉన్నాయి, ఒక్కో టాస్కుకు 3 గంటలని అంచనా. 0.1, 0.5 కలిపితే 0.6 రోజు, అంటే 14.4 గంటలు. 14.4ను 6తో గుణించి 3తో భాగిస్తే దాదాపు 29 టాస్కులు. ఇప్పుడు ఆశకొద్దీ రెండు గడుల్లోనూ 10 పెట్టారనుకోండి. 20 రోజులు, 480 గంటలు, 960 టాస్కులు! వాటి గడువు వారం రోజులైతే, మెషీన్ రాత్రింబవళ్ళు నడిచినా 336 కంటే ఎక్కువ పూర్తికావు. రోజుకు 8 గంటలే నడిపేవారికి 112. గడువులోపు పూర్తికావనుకున్న టాస్కులను సర్వర్ కూడా కొంతవరకు ఆపుతుంది, కానీ అదీ అంచనా మీదే ఆధారపడుతుంది. అంచనా తప్పితే లెక్కా తప్పుతుంది.

కొత్తగా ఒక ప్రాజెక్టులో చేరినప్పుడు ఆ అంచనా తప్పడం మామూలే. ఆ అప్లికేషన్ మీ మెషీన్‌లో ఎంత వేగంగా నడుస్తుందో సర్వర్‌కు ఇంకా తెలియదు. పది టాస్కులకు పైగా పూర్తయి సరిగ్గా ఉన్నాయని తేలాకగానీ అంచనా కుదుటపడదు. గంట పడుతుందన్నది ఆరు గంటలు పట్టొచ్చు. అందుకే కొత్త ప్రాజెక్టులో మొదటి వారం నిల్వను 0.1, 0.1 దగ్గరే ఉంచండి. రుచి చూడకముందే గిన్నెడు వడ్డించుకోవద్దు.

రెండు గడుల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రవర్తన అంతా అక్కడే మారుతుంది. నిల్వ మొదటి అంకె కిందికి పడినప్పుడే క్లయింట్ సర్వర్‌ను అడుగుతుంది. అడిగినప్పుడు రెండు అంకెల మొత్తం దాకా నింపుకుంటుంది. మొదటిది పెద్దదిగా, రెండోది దాదాపు సున్నాగా పెడితే ఒక్కో టాస్కు అవుతుండగానే మరొకటి తెచ్చుకుంటుంది, నిల్వ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మొదటిది చిన్నదిగా, రెండోది పెద్దదిగా పెడితే ఒకేసారి బస్తా తెచ్చి, అది అడుగంటేదాకా మళ్ళీ అడగదు. నెట్ ఎప్పుడూ ఉండే ఇంట్లో మొదటి పద్ధతే నాకు నచ్చుతుంది. అందులోనూ మొదటి గడిలో 0.5, రెండో దానిలో 0.05 చాలు. రాత్రి నెట్ పోయినా పొద్దునదాకా పని ఉంటుంది, మధ్యాహ్నం దాకా పోతే మెషీన్ కాసేపు ఖాళీగా ఉంటుంది. ఉంటే ఏమైంది?

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇవే గడులు ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో మీ అకౌంట్‌లో కూడా ఉంటాయి. మేనేజర్‌లో ఒక్కసారి సేవ్ చేశారంటే ఆ మెషీన్ వరకు వెబ్‌లోని అంకెలు పనిచేయవు. వెబ్‌లో ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేకపోతే ప్రిఫరెన్సెస్ కిటికీ పైభాగంలో "యూజ్ వెబ్ ప్రెఫ్స్" బటన్ ఉందేమో చూడండి. ఉంటే మీరు స్థానిక సెట్టింగుల మీద నడుస్తున్నారని అర్థం. నాలుగైదు మెషీన్లు ఉన్నవారికి వెబ్‌లో మార్చుకోవడం హాయి. ఒక్క మెషీన్ ఉంటే మేనేజరే మేలు.

మూడో మెట్టు: సర్వర్ పెట్టిన పరిమితి

వేసవిలో వీధి కుళాయి దగ్గర ఇంటికి రెండు బిందెలని కట్టడి చేస్తారు కదా, సర్వర్ పరిమితి కూడా అలాంటిదే. ఒక కంప్యూటర్ దగ్గర ఒకేసారి ఇన్ని టాస్కులకు మించి ఉండకూడదని ప్రాజెక్టు వారు పెట్టుకుంటారు. సీపీయూ టాస్కులకైతే కోర్‌కు ఇన్ని అని, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) టాస్కులకైతే జీపీయూకు ఇన్ని అని లెక్క. మీ నిల్వ గడిలో 10 రోజులు పెట్టినా ఈ గీత దాటి ఒక్కటి కూడా రాదు.

దీనికి పాత ఉదాహరణ సెటీ ఎట్ హోమ్. అన్యగ్రహ జీవుల సంకేతాల కోసం రేడియో టెలిస్కోప్ రికార్డింగులను జల్లెడపట్టిన ప్రాజెక్టు అది. 1999 మేలో మొదలైంది, 2020 మార్చి 31తో కొత్త టాస్కులు పంపడం ఆపేసింది. చాలాకాలం అక్కడ సీపీయూకు 100, ఒక్కో జీపీయూకు 100 టాస్కులే ఇచ్చేవారు. మామూలు కంప్యూటర్‌కు అది చాలా ఎక్కువ. కానీ మంచి జీపీయూ ఉన్నవాళ్ళకు ఒక్కో టాస్కు కొద్ది నిమిషాల్లోనే అయిపోయేది. దానికి తోడు ప్రతి మంగళవారం మెయింటెనెన్స్ కోసం సర్వర్లు ఆపేవారు. డేటాబేస్ సర్దుకుని తిరిగి వచ్చేసరికి గంటలు పట్టేది, ఈలోపు వేగమైన మెషీన్ల నిల్వ అడుగంటేది. కొందరు క్లయింట్‌ను మార్చి, లేని జీపీయూలు ఉన్నట్టు సర్వర్‌కు చూపించి ఎక్కువ టాస్కులు తీసుకునేవారు. పని చేసేవాళ్ళే కాబట్టి తప్పేముందని వాళ్ళ వాదన. డేటాబేస్ ఆ బరువు మోయలేకే గీత గీశారు కదా, దాన్ని దొంగదారిలో దాటితే భారం మళ్ళీ అందరి మీదా పడుతుందని నా అభిప్రాయం.

గీత ఎందుకంటే కారణం అదే. బయట తిరుగుతున్న ప్రతి టాస్కుకూ డేటాబేస్‌లో ఒక వరుస ఉంటుంది. పైగా చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరికి పంపి, రెండు జవాబులూ సరిపోతేనే ఒప్పుకుంటాయి. ఆ రెండోవారిని వింగ్‌మన్ అంటారు. మీరు 300 టాస్కులు పట్టుకు కూర్చుంటే వాటి జంట జవాబులు పంపిన 300 చోట్ల మనుషులు మీ కోసం ఎదురుచూస్తుంటారు.

మరి మనం చేయగలిగేదేమిటి? పరిమితిని పెంచలేం, కానీ అందులో వృథా పోయే చోటు లేకుండా చూడొచ్చు. "ఇన్ ప్రోగ్రెస్" అంటే మీ మెషీన్‌లో నడుస్తున్నవే కాదు. పూర్తయినా రిపోర్టు కానివి, అప్‌లోడ్‌లో ఇరుక్కున్నవి, సర్వర్ పంపానని రాసుకుని మీకు చేరనివి, అన్నీ ఆ లెక్కలోనే. ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో మీ అకౌంట్, అక్కడ కంప్యూటర్ల పట్టిక, అక్కడ ఈ మెషీన్ టాస్కులు తెరిచి ఇన్ ప్రోగ్రెస్ సంఖ్య చూడండి. మేనేజర్‌లో ఉన్న సంఖ్యతో పోల్చండి. వెబ్‌లో 100, మేనేజర్‌లో 40 ఉంటే 60 టాస్కులు దారిలో తప్పిపోయాయన్న మాట. వీటిని ఘోస్టులంటారు. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ తెగినా, విండోస్ మళ్ళీ ఎక్కించుకున్నా ఇవి పుడతాయి. కొన్ని ప్రాజెక్టులు అప్‌డేట్ నొక్కినప్పుడు వీటిని తిరిగి పంపుతాయి. ఆ సదుపాయం లేనిచోట గడువు ముగిసేదాకా అవి మీ బిందెల లెక్కలోనే ఉంటాయి.

పూర్తయినవి రిపోర్టు కాకుండా ఉంటే అప్‌డేట్ ఒక్కసారి నొక్కితే చాలు. వెంటనే చోటు ఖాళీ అవుతుంది.

జీపీయూగ్రిడ్ లాంటి ప్రాజెక్టుల్లో పరిమితి ఇంకా బిగువు. అక్కడ ఒక్కో జీపీయూకు రెండు టాస్కుల పద్ధతి చాలాకాలం నడిచింది, 24 గంటల్లోపు తిరిగి ఇచ్చిన వాటికి అదనపు క్రెడిట్ (చేసిన పనికి ఇచ్చే పాయింట్లు) కూడా. ఒక టాస్కు ఫలితం మీద తర్వాతి టాస్కు ఆధారపడినప్పుడు ఇలాగే ఉంటుంది. బోయింక్ బయట ఉండే ఫోల్డింగ్ ఎట్ హోమ్ అయితే అసలు నిల్వ మాటే ఎత్తదు. నడుస్తున్న టాస్కు ముగింపుకు వచ్చాకే తర్వాతిది దింపుతుంది. అక్కడికి పోయి పది రోజుల నిల్వ కోసం వెతక్కండి.

నాలుగో మెట్టు: రోజువారీ కోటా తగ్గిపోయిందా?

ఇది పడితే మెషీన్‌లో లోపం ఉందని అనుమానించాలి. ప్రతి కంప్యూటర్‌కూ రోజుకు ఇన్ని టాస్కులని సర్వర్ ఒక అంకె పెట్టుకుంటుంది. టాస్కు ఎర్రర్‌తో తిరిగి వచ్చిన ప్రతిసారీ అంకె ఒకటి తగ్గుతుంది. అలా పడిపోతూ రోజుకు ఒక్కటి దాకా రాగలదు. సరైన ఫలితం ఇచ్చినప్పుడు మాత్రం రెట్టింపు అవుతూ తొందరగానే మామూలు స్థాయికి చేరుతుంది. ఎందుకీ ఏర్పాటంటే, డ్రైవర్ చెడిపోయిన ఒక్క జీపీయూ ఐదు సెకన్లకు ఒక టాస్కును పాడుచేస్తూ పోతే గంటలో వందల టాస్కులు నాశనమవుతాయి.

కాబట్టి "ఫినిష్డ్ ఎ డైలీ కోటా" కనిపిస్తే అప్‌డేట్ నొక్కడం ఆపండి. వెబ్‌లో మీ టాస్కుల్లో ఎర్రర్ అని ఉన్నదాన్ని తెరిచి, దాని స్టాండర్డ్ ఎర్రర్ అవుట్‌పుట్ చదవండి. నేను చూసినంతలో కారణాలు ఎప్పుడూ అవే ఉంటాయి. విండోస్ తనంతట తాను మార్చిన జీపీయూ డ్రైవర్, మితిమీరిన ఓవర్‌క్లాక్ (చిప్‌ను దాని మామూలు వేగం మించి నడపడం), మే నెల ఎండలో వేడెక్కిన లాప్‌టాప్, బోయింక్ ఫోల్డర్‌లోని ఫైలును తీసేసిన యాంటీవైరస్. వీటిలో ఏదో ఒకటి సరిచేయండి. ఆ తర్వాత వచ్చిన ఒకటి రెండు టాస్కులు బాగా పూర్తికానివ్వండి. కోటా దానంతట అదే పెరుగుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు.

ఐదో మెట్టు: ప్రాజెక్టు వెబ్‌సైట్‌లోని అసలైన గడి

టాస్కుల సంఖ్యను నేరుగా కట్టడి చేసే గడి క్లయింట్‌లో లేదన్నాను. కొన్ని ప్రాజెక్టుల వెబ్‌సైట్లలో మాత్రం ఉంది, చాలామంది అటు చూడరు.

ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్‌లో మీ అకౌంట్ ప్రాజెక్ట్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే మ్యాక్స్ జాబ్స్, మ్యాక్స్ సీపీయూస్ అని రెండుంటాయి. మొదటిది మీ మెషీన్‌కు ఒకేసారి ఇచ్చే టాస్కుల సంఖ్య. రెండోది ఒక్కో టాస్కు వాడుకునే కోర్ల సంఖ్య. అక్కడి టాస్కుల్లో ఒక రకమైన అట్లాస్ టాస్కులు వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లోపల నడుస్తాయి, మెమరీని బాగా తింటాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో మ్యాక్స్ జాబ్స్ 1 పెట్టుకోండి, లేకపోతే బ్రౌజర్ తెరవడానికి కూడా చోటుండదు.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో డివైస్ ప్రొఫైల్ అనేది ఉంటుంది. ఐబీఎం 2004లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు ఇప్పుడు కెనడాలోని క్రెంబిల్ పరిశోధన సంస్థ చేతిలో ఉంది. ఆ ప్రొఫైల్‌లో కస్టమ్ సెట్టింగులకు వెళితే ప్రాజెక్ట్ లిమిట్స్ కనిపిస్తాయి. ఏ ఉప ప్రాజెక్టు టాస్కులు ఒకేసారి ఎన్ని ఉండొచ్చో విడివిడిగా ఎంచుకోవచ్చు. అంటే పెద్ద ఫైళ్ళతో వచ్చేవాటికి 1, చిన్నవాటికి పరిమితి లేకుండా పెట్టుకోవచ్చు. ఇంత వివరంగా చేయనిచ్చే చోటు నేను ఇంకోటి చూడలేదు.

రోసెట్టా దారి వేరు. అక్కడ టాస్కుల సంఖ్య బదులు ఒక్కో టాస్కు ఎన్ని గంటలు నడవాలో మీరే చెప్పొచ్చు. దాన్ని టార్గెట్ సీపీయూ రన్ టైమ్ అంటారు. గంటలు పెంచితే అంతే పనికి తక్కువ టాస్కులు, తక్కువ డౌన్‌లోడ్ సరిపోతాయి. మార్చేముందు మాత్రం చేతిలో ఉన్న టాస్కులు అయిపోనివ్వండి. పాత నిల్వ అంతా కొత్త గంటల ప్రకారం సాగి గడువు దాటిపోగలదు.

నడిచేవి వేరు, దిగేవి వేరు

యాప్ కాన్ఫిగ్ ఫైలు గురించి విని ఉంటారు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టే ఆ చిన్న ఫైలులో ప్రాజెక్ట్ మ్యాక్స్ కన్‌కరెంట్ అని ఒక అంకె రాస్తే ఆ ప్రాజెక్టు టాస్కులు అంతకు మించి ఒకేసారి నడవవు. నమూనా బోయింక్ మాన్యువల్‌లో క్లయింట్ కాన్ఫిగరేషన్ పేజీలో ఉంది, అక్కడి నుంచే కాపీ చేసుకోండి. పెట్టాక ఆప్షన్స్ మెనూలో రీడ్ కాన్ఫిగ్ ఫైల్స్ నొక్కండి.

ఇది పనికొచ్చేదే. కానీ దీన్ని డౌన్‌లోడ్ పరిమితి అనుకుని పెట్టేవాళ్ళున్నారు. ఇది నడిచేవాటికే, దిగేవాటికి కాదు. పాత వెర్షన్లలో దీన్ని పెట్టగానే క్లయింట్ లెక్క తప్పి టాస్కులు ఆగకుండా దిగే ఇబ్బంది కూడా ఉండేది. అందుకే ఇది పెట్టినవారు నిల్వ అంకెలు తగ్గించి, ఒకటి రెండు రోజులు కన్నేసి ఉంచండి.

ఇంకో మీట సీసీ కాన్ఫిగ్ ఫైలులో ఉంది, అది క్లయింట్ మొత్తానికి వర్తించే ఫైలు. ఫెచ్ మినిమల్ వర్క్ అనేదాన్ని 1 చేస్తే క్లయింట్ ఒక్కో కోర్‌కు, ఒక్కో జీపీయూకు ఒక్కో టాస్కు మాత్రమే తెచ్చుకుంటుంది. పరీక్షలకు బాగుంటుంది. రోజువారీ వాడకానికి మరీ గీచిగీచి ఖర్చుపెట్టినట్టుంటుంది.

రెండు మూడు ప్రాజెక్టులు కలిపి నడిపేవారికి

నిల్వ అంకెలు మొత్తం మెషీన్‌కు, ప్రాజెక్టుకు ఇంత అని కాదు. నిల్వలో ఎవరి వాటా ఎంతో రిసోర్స్ షేర్ తేలుస్తుంది. మామూలుగా అందరికీ 100. ఇది ప్రాజెక్టు వెబ్‌సైట్‌లోనే మారుతుంది, మేనేజర్‌లో కాదు. వాటా అంటే ఇవాళే సగం సగం నడవాలని కాదు, కొన్ని రోజుల మీద సరిచూసుకుంటుంది. ఒక ప్రాజెక్టు రెండు రోజులు పని ఇవ్వకపోతే తర్వాత దానికే ఎక్కువ సమయం ఇచ్చి సర్దుతుంది. తెలియనివారికి ఇది పక్షపాతంలా కనిపిస్తుంది.

వాటాను 0 చేస్తే ఆ ప్రాజెక్టు స్టెప్నీ టైరు అవుతుంది. మిగతా చోట్ల పని దొరకనప్పుడే దాని నుంచి తెస్తుంది, అదీ నిల్వ లేకుండా అప్పటికి కావలసినంతే. సర్వర్ పరిమితి మీద చిరాకుపడేవాళ్ళకు నేను చెప్పే మందు ఇదే. దొంగ జీపీయూలు అక్కర్లేదు, పది రోజుల నిల్వ అక్కర్లేదు. ఇష్టమైన ప్రాజెక్టుకు 100 ఇచ్చి, ఎప్పుడూ పని ఉండే ఇంకోదాన్ని 0తో చేర్చుకోండి. నేను ఐన్‌స్టీన్‌ను అలా పెట్టుకున్నాను. గురుత్వ తరంగాల కోసం, వాటిని పట్టే లైగో కేంద్రాల రికార్డింగులను వెతికే ప్రాజెక్టు అది. లైగో ఇండియా కేంద్రం కట్టాలని నిర్ణయించింది మన నిజామాబాద్ వైపు నుంచి పెద్ద దూరం లేని మహారాష్ట్ర హింగోలి జిల్లాలోనే కాబట్టి నాకు కాస్త అభిమానం ఎక్కువ.

వాతావరణ లెక్కలు చేసే క్లైమేట్ ప్రిడిక్షన్ లాంటి ప్రాజెక్టులు కలిపేటప్పుడు జాగ్రత్త. అక్కడ ఒక్క టాస్కే రోజుల తరబడి నడుస్తుంది, నిల్వ 0.1 ఉన్నా ఒక్కటి వచ్చిందంటే వారం పని. అలాంటివాటిని కోర్‌కు ఒకటి మించి దింపుకోవడం అనవసరం.

నెట్ ప్లాన్ సంగతి

ఎఫ్‌యూపీ (ఇంత డేటా దాటితే వేగం తగ్గే షరతు) ఉన్న కనెక్షనైతే ప్రిఫరెన్సెస్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. డౌన్‌లోడ్ వేగానికి, ఇన్ని రోజుల్లో ఇన్ని ఎంబీలనే మొత్తానికి కళ్ళెం వేయొచ్చు. మొత్తం మీద కళ్ళెం వేస్తే ఆ కోటా అయ్యాక ఫలితాలు పంపడం కూడా ఆగుతుంది, గడువు దగ్గరపడిన టాస్కులుంటే ఇబ్బంది. వేగం తగ్గించుకోవడమే మేలు. డైలీ షెడ్యూల్స్‌లో నెట్ వాడే గంటలను విడిగా పెట్టుకునే వీలుంది, రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా అని పెట్టి వదిలేయొచ్చు. అలా పెడితే మాత్రం నిల్వ మొదటి గడి కనీసం 1 ఉండాలి, లేకపోతే పగలంతా ఖాళీ. ఫోన్‌లో నడిపేవారికి వైఫై ఉన్నప్పుడే దింపే టిక్కు మొదటి నుంచీ ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

కరెంటు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఎక్కువ టాస్కులు దింపుకుంటే మెషీన్ ఆపబుద్ధి కాదు. 150 వాట్లు లాగే డెస్క్‌టాప్ రోజంతా నెల పాటు నడిస్తే 108 యూనిట్లు. అది బిల్లును పై స్లాబులోకి నెట్టగలదు. ముందు ఎన్ని గంటలు నడపగలరో తేల్చుకుని ఆ తర్వాతే నిల్వ అంకె పెట్టండి.

ఊరెళ్ళేటప్పుడు

ముందు చెబుతానన్న నా పొరపాటు ఇక్కడిదే. మొదటి ఏడాది రెండు గడుల్లోనూ 10 పెట్టుకుని, సంక్రాంతికి ఊరెళ్ళాను. మెషీన్ దాని పని అది చేసుకుంటుందనుకున్నాను. రెండో రోజే కరెంటు పోయింది. తిరిగి వచ్చింది గానీ కంప్యూటర్ తనంతట తాను ఆన్ కాలేదు. ఆరు రోజుల తర్వాత వచ్చి చూస్తే ప్రతి టాస్కూ హై ప్రయారిటీ అని మొత్తుకుంటోంది. సగానికి పైగా గడువు దాటిపోయాయి. మళ్ళీ ఇంకొకరికి పంపాల్సి వచ్చింది, ఆ టాస్కుల వింగ్‌మన్‌లు రెండు వారాలు నా పుణ్యాన ఎదురుచూశారు.

ఇప్పుడు చేసేది ఇది. ప్రయాణానికి రెండు రోజుల ముందు ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో ఒక్కో ప్రాజెక్టును ఎంచుకుని నో న్యూ టాస్క్స్ నొక్కుతాను. ఉన్నవి అయిపోతాయి. బయల్దేరే పూట ఇంకేమైనా మిగిలితే, గడువులోపు కావనిపించినవాటిని టాస్క్స్ ట్యాబ్‌లో అబార్ట్ చేసి, అప్‌డేట్ నొక్కుతాను. అబార్ట్ చేయడం తప్పేమీ కాదు. సర్వర్‌కు ఆ క్షణమే తెలిసి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. చెప్పాపెట్టకుండా గడువు దాటబెట్టడమే నష్టం. మెషీన్‌ను నడుస్తూనే వదిలి వెళ్ళాలనుకుంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరిచే మూల సెట్టింగుల్లో), కరెంటు వచ్చాక తిరిగి ఆన్ అయ్యే ఏర్పాటు ఉందేమో చూసి పెట్టుకోండి.

ప్రాజెక్టును పూర్తిగా వదిలేయాలన్నా ఇదే వరుస: కొత్తవి ఆపడం, ఉన్నవి ముగించడం లేదా అబార్ట్ చేయడం, అప్‌డేట్, అన్నీ రిపోర్టు అయ్యాయని వెబ్‌లో చూసుకుని అప్పుడు రిమూవ్. నేరుగా రిమూవ్ నొక్కితే మీ దగ్గరున్న టాస్కుల సంగతి సర్వర్‌కు తెలియదు, గడువుదాకా అవి మీ పేరునే ఉంటాయి.

ఊరి నుంచి వచ్చాక అలౌ న్యూ టాస్క్స్ నొక్కాలి. ఇది మర్చిపోయి, సర్వర్ పని ఇవ్వట్లేదని మూడు రోజులు తలపట్టుకున్నవాణ్ణి నేనే. లాగ్‌లో మొదటి లైనులోనే రాసి ఉంది, "నో న్యూ టాస్క్స్ రిక్వెస్టెడ్ వయా మేనేజర్" అని.